ఇంజను దించే ముందు: పాత బైకు చైను, క్లచ్, గేరుబాక్సు చూసుకునే పద్ధతి

నాలుగేళ్ల కిందట, యాసంగి కోతల రోజుల్లో, మా స్ప్లెండర్ రెండో గేరులో టక్కు టక్కుమనడం మొదలుపెట్టింది. 1999 నాటి బండి, మా నాన్న కొన్నది. హనుమకొండలో చూపిస్తే మెకానిక్ ఒక వీధి తిప్పి తెచ్చి, "గేరుబాక్సు పోయింది, ఇంజను దించాలి" అన్నాడు. చేతిలో అంత డబ్బు లేక బండిని పరకాలకు తెచ్చేశాను. ఆదివారం పొద్దున ఊరికే ఉండలేక ఎడమ పక్క ముందు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) మీది కవరు విప్పాను. లోపల అరచేతి మందాన నల్లటి ముద్ద. గ్రీజు, రేగడి మట్టి, వరిగడ్డి కలిసి పిడకలా గట్టిపడ్డాయి. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్క నుంచి వెళ్తూ తెచ్చుకున్న సరుకే అది. దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలిస్తే కింద షాఫ్టు చుట్టూ యూరియా బస్తా ప్లాస్టిక్ పోగులు దారపు కండెలా చుట్టుకుని ఉన్నాయి. స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే పలకకు రెండు చిన్న బోల్టులుంటాయి. ఒకటి లేనే లేదు, రెండోది వేళ్లతో తిప్పితే తిరిగింది.

పోగులు కోసి తీసి, రెండు కొత్త బోల్టులు, షాఫ్టు పక్క నుంచి ఆయిల్ కారకుండా ఆపే ఒక ఆయిల్ సీలు వేశాను. శబ్దం పోయింది. ఆ గేరుబాక్సును ఈ రోజుకీ ఎవరూ తెరవలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. గేరు సరిగా పడకపోయినా, శబ్దం వచ్చినా, బండి గుంజినా బయటి నుంచి లోపలికి వెతుక్కుంటూ వెళ్లడం. గేరుబాక్సును అనుమానించడం అన్నిటికన్నా చివర. ఇక్కడ నేను చెప్పే కొలతలు స్ప్లెండర్ లాంటి 100 సీసీ నాలుగు స్ట్రోకుల బండ్లవి. మీ బండితో వచ్చిన పుస్తకం ఉంటే అందులోని అంకెదే పైమాట.

బలం ఏ దారిన వెళ్తుంది

ఇంజను పుట్టించిన బలం మొదట క్లచ్‌కు, అక్కడి నుంచి గేర్లకు వెళ్తుంది. గేరుబాక్సులోంచి బయటికి పొడుచుకొచ్చిన షాఫ్టు మీద చిన్న స్ప్రాకెట్, దాని నుంచి చైను, చైను నుంచి వెనక పెద్ద స్ప్రాకెట్, దానికీ చక్రానికీ నడుమ హబ్బులో (చక్రం మధ్య భాగంలో) కుదుపును మింగే రబ్బర్లు, ఆ తర్వాత చక్రం. వీటిలో ఎక్కడ ఏది వదులైనా ఆ అదురు ఎడమ పాదానికి తెలుస్తుంది. ఎడమ పాదం కింద ఉండేది గేరు లీవరు కాబట్టి నింద గేరుబాక్సు మీద పడుతుంది.

ముందు నడిపి చూడండి

పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పది నిమిషాలు చాలు. బండి పరుగులో ఉండగా క్లచ్ నొక్కి, యాక్సిలరేటరు వదలండి. శబ్దం చక్రం వేగంతోపాటే కొనసాగితే చాలావరకు అది చైనుదో, స్ప్రాకెట్‌దో, చక్రం బేరింగుదో. వెంటనే ఆగిపోతే ఇంజను, క్లచ్ వైపు చూడాలి. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు తిప్పితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. యాక్సిలరేటరు వదిలి మళ్లీ అందుకున్నప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్లు కుదిపితే చైను వదులైంది, లేదా హబ్బు రబ్బర్లు అరిగాయి.

ఒకే ఒక్క గేరులో శబ్దం వస్తేనే లోపలి గేర్ల మీద అనుమానం పెట్టుకోవాలి. అది కూడా తొందరపడకుండా. మా బండి రెండో గేరులోనే మోగుతోందని నేనూ అనుకున్నాను. పొలం బాట నుంచి రోడ్డు ఎక్కేటప్పుడు రెండో గేరులోనే బరువు లాగుతుంది కాబట్టి అప్పుడు గట్టిగా వినిపించేది, అంతే. మిగతా గేర్లలోనూ ఉన్నదాన్ని నేను చెవిన పెట్టలేదు.

కడగడం

డబుల్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజను నడుస్తుండగా గేరులో పెట్టి, తిరిగే చైనుకు గుడ్డ అడ్డం పెట్టి తుడిచే అలవాటు చాలామందికి ఉంది. గుడ్డను చైను లాక్కుంటుంది, గుడ్డతోపాటు వేలునూ స్ప్రాకెట్‌లోకి తీసుకుపోతుంది. చేయి వెనక్కి తీసుకునేంత సమయం ఇవ్వదు. ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక తక్కువ. మా ఇంట్లో పిల్లలెవరైనా అలా చేస్తే బండి తాళం మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వను.

చైను కవరు రెండు ముక్కలూ విప్పి, పాత పళ్ల బ్రష్షును కిరోసిన్‌లో ముంచి తోమండి. పెట్రోలు వద్దు. నిప్పు భయం సరే, కొన్ని బండ్లకు ఉండే రబ్బరు రింగుల చైనును అది పాడుచేస్తుంది. దసరాకు ఆయుధ పూజ ముందు వాటర్ సర్వీసులో పెద్ద ఒత్తిడితో నీళ్లు కొట్టిస్తారే, ఆ గొట్టాన్ని చైను దగ్గరికీ హబ్బు దగ్గరికీ రానివ్వకండి. నీళ్లు మట్టిని కడగడంతో ఆగవు, బేరింగులోకి, చైను రోలర్ల కిందికి మట్టిని తోసేస్తాయి. గోదావరిఖని వైపు బొగ్గు పొడి, కరీంనగర్ గ్రానైటు క్వారీల దగ్గరి రాతి పొడి ఆయిల్‌తో కలిస్తే సానపట్టే ముద్ద అవుతుంది. అక్కడ తిరిగే బండ్లకు నెలకోసారి ఈ పని తప్పదు.

ముందు స్ప్రాకెట్ కవరు కూడా ఇప్పుడే విప్పండి. చాలా బండ్లకు చైను సెట్టు మార్చిన రోజు తప్ప దాన్ని తీయరు. మట్టి పెకలించాక స్ప్రాకెట్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ కదిపి చూడండి. షాఫ్టు పళ్ల మీద స్ప్రాకెట్ కొద్దిగా ఆడడం మామూలే. షాఫ్టే పైకీ కిందికీ ఊగుతుంటే లోపల బేరింగు పోయింది. షాఫ్టు చుట్టూ ఆయిల్ తడి ఉంటే సీలు మార్చాలి. చాలా బండ్లలో ఈ సీలును ఇంజను దించకుండా బయటి నుంచే మార్చవచ్చు.

చైను అరిగిందో లేదో తేల్చడం

సులువైన పరీక్ష ఇది. వెనక స్ప్రాకెట్ మీద చైనును సరిగ్గా వెనక వైపు, మూడు గంటల ముల్లు ఉండే చోట, వేలితో పట్టి లాగండి. పన్ను సగం బయటపడితే ఆ చైను పని అయిపోయింది.

కొలిచి చూడాలంటే 428 రకం చైనులో రెండు పిన్నుల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. చైనును బిగువుగా లాగి 21 పిన్నులు లెక్కపెట్టి, మొదటి దాని నడుమ నుంచి చివరి దాని నడుమకు టేపు పెడితే కొత్త చైను 254 మిల్లీమీటర్లు రావాలి. 259 వస్తే అది రెండు శాతం సాగినట్లు, ఇక మార్చడమే. మూడు నాలుగు చోట్ల కొలవండి, చైను అంతటా ఒకేలా అరగదు.

స్ప్రాకెట్ పళ్లు కొత్తలో రెండు వైపులా సమానంగా ఉంటాయి. అరిగేకొద్దీ ఒక పక్కకు కొడవలి మొనలా వంగుతాయి. అలా వంగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేయడం శుద్ధ దండగ. సాగిన చైనుకు అలవాటైన పళ్ల మీద కొత్త చైను రోలర్లు సరిగా కూర్చోవు, బరువంతా రెండు మూడు పళ్లే మోస్తాయి. కొత్తది కూడా త్వరగా సాగిపోతుంది. చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగానే మార్చండి. ఒక్క చైను చాలంటూ డబ్బు మిగిల్చే దుకాణదారు మీకు మేలు చేయడం లేదు.

అదే చోట వెనక స్ప్రాకెట్‌ను రెండు చేతులతో పట్టి, చక్రం కదలకుండా అటూ ఇటూ తిప్పండి. కొంచెం మెత్తగా లొంగి వెనక్కి వస్తే రబ్బర్లు బాగున్నాయి. ఖాళీగా టకటకా కొట్టుకుంటే మార్చాలి. రబ్బర్ల ఖర్చు కొంచెమే. గేరుబాక్సు మీద పడే దెబ్బలో చాలా భాగం అవే మింగుతాయి.

చైను బిగువు

నా దృష్టిలో పాత బండ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, అదీ వదులు వల్ల కాదు, మితిమీరిన బిగువు వల్ల. చైను శబ్దం చేస్తోందంటే బిగించేయడం, ఇంకా శబ్దం వస్తే ఇంకా బిగించడం. "తీగలా ఉంది అన్నా, ఇంక ఆరు నెలలు చూడక్కర్లేదు" అని పని చేసినవాడు గర్వంగా అంటాడు. చైను తీగలా ఉండకూడదు.

ఎందుకంటే బండి మీద బరువు పడితే వెనక చక్రం పైకి లేస్తుంది. ముందు స్ప్రాకెట్, చక్రాన్ని మోసే చేయి (స్వింగ్ ఆర్మ్) కీలు, వెనక ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైనుకు అన్నిటికన్నా ఎక్కువ పొడవు కావాలి. ఖాళీ బండికి డబుల్ స్టాండు మీద ఇరుసు ఆ గీతకు కిందనే ఉంటుంది. అప్పుడే తీగలా బిగిస్తే, వెనక ఒక మనిషిని, మధ్యలో ఒక వడ్ల బస్తాను పెట్టుకుని గుంతలో దిగినప్పుడు చైనుకు సాగే చోటు ఉండదు. ఆ లాగుడంతా గేరుబాక్సు బయటి షాఫ్టు బేరింగు మీదా వెనక హబ్బు బేరింగు మీదా పడుతుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి టిక్కీ (బస్తా) వెనక కట్టుకుని వచ్చే బండ్లను చూసినప్పుడల్లా నా కళ్లు ముందు చైను మీదికే పోతాయి.

సరైన లెక్క ఇది. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ చైను ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో కనిపెట్టండి. అరిగిన చైను ఒక చోట బిగువుగా, మరో చోట వదులుగా ఉంటుంది. ఆ బిగువు చోటును ఆధారం చేసుకుని, కింది వరుస నడిమధ్య వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం కదలిక 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. కవరు విప్పకపోయినా దానికి ఉండే రబ్బరు మూత తీసి ఆ కంతలోంచి చూడవచ్చు. ఎప్పుడూ బరువు మోసే బండికి నేను 30 వైపే ఉంచుతాను.

సరిచేయడానికి ఇరుసు నట్టును, చైను వైపు ఉండే పెద్ద స్లీవు నట్టును రెండిటినీ వదులు చేయాలి. స్లీవు నట్టు మరిచిపోయి సర్దుబాటు నట్టును బలంగా తిప్పి మర పాడుచేసుకున్నవాళ్లు నాకు తెలుసు. రెండు పక్కల సర్దుబాటు నట్లను సగం చుట్టు చొప్పున సమానంగా తిప్పండి. గుర్తుల గీతలు రెండు వైపులా ఒకే దగ్గర ఉండాలి. పాత బండి ఎప్పుడైనా పడి ఉంటే ఆ గీతలను నమ్మలేం. చక్రాన్ని మోసే చేయి కీలు నడుమ నుంచి ఇరుసు నడుమ వరకు రెండు పక్కలా టేపుతో కొలవడం మేలు. నట్లు బిగించాక బిగువు మళ్లీ చూడండి, బిగించేటప్పుడు కొద్దిగా మారుతుంది. చివర ఒక మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, అప్పుడు కూడా చైనులో కాస్త వదులు మిగిలిందో లేదో చూడండి. చక్రం వెనక్కి జరిగింది కాబట్టి వెనక బ్రేకు రాడ్డును, బ్రేకు లైటును కూడా సరిచూసుకోవాలి.

చైను రెండు కొసలను కలిపే లాకు విప్పి ఉంటే దాని క్లిప్పు మూసిన కొన చైను కదిలే దిశకు ఉండాలి. పై వరుసలో ఉన్నప్పుడు మూసిన కొన ఇంజను వైపు. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది.

చైనుకు ఆయిల్

కొంత దూరం నడిపి వచ్చాక, చైను వెచ్చగా ఉన్నప్పుడు వేయాలి. రాత్రి వేసి పొద్దున తుడిస్తే మరీ మంచిది. 90 గ్రేడు గేరు ఆయిల్ చాలు. కింది వరుస లోపలి వైపు, రోలర్లకూ పలకలకూ మధ్య సందులో చుక్కలుగా పడేలా చూడండి. గ్రీజు పైపైన పూస్తే రోలరు లోపలికి పోదు, బయట మట్టిని మాత్రం పట్టుకుంటుంది. ఇంజను నుంచి దించిన కాలిన ఆయిల్ పోసే అలవాటు కూడా మానుకోవాలి. అందులో ఇనుప రజను ఉంటుంది. సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానాకాలంలో తడిసిన ప్రతిసారీ వేయండి.

క్లచ్ తీగ, గేరు లీవరు

గేరు పడడం లేదని వచ్చే బండ్లలో సగం ఈ రెండింటితోనే తేలిపోతాయి.

క్లచ్ లీవరు కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. మొదటి గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది, ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ దొరకదు. అసలు ఖాళీయే లేకపోతే క్లచ్ సగం విడిచి ఉండి జారుతుంది, పలకలు మాడిపోతాయి. లీవరు దగ్గర తీగ కొసను బయటికి తీసి చూడండి. ఒక్క పోగు తెగి ఉన్నా తీగ మార్చండి, మిగతా పోగులు మీరు ఊరికి దూరంగా ఉన్న రోజే తెగుతాయి. తీగ బాగుండి బిగుసుకుపోతుంటే పై కొనకు చిన్న పాలిథిన్ సంచి గరాటులా కట్టి రెండు చెంచాల ఆయిల్ పోసి రాత్రంతా వేలాడదీయండి.

గేరు లీవరు షాఫ్టు పళ్ల మీద కూర్చుని ఒక బోల్టుతో బిగుస్తుంది. బోల్టు వదులైతే పాదం నొక్కిన దానిలో కొంతే లోపలికి చేరి గేరు సగం పడుతుంది. సగం పడిన గేరే జారిపోయేది. బండి ఎడమకు పడి లీవరు వంగితే ఇంజను కవరుకు తగిలి పూర్తిగా కదలదు. దీన్ని కంటితో చూస్తేనే తెలుస్తుంది, అయినా ఎవరూ చూడరు.

ఆయిల్

ఇలాంటి నాలుగు స్ట్రోకుల బండ్లలో ఇంజనుకు, క్లచ్‌కు, గేర్లకు ఒకటే ఆయిల్. అందుకే కారు ఆయిల్ మిగిలిందని ఇందులో పోయకూడదు. కార్ల ఆయిల్లో రాపిడిని తగ్గించడానికి కలిపే రసాయనాల వల్ల ఆయిల్లో మునిగి ఉండే క్లచ్ పలకలు జారవచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (JASO MA, MA2) అని, అంటే ఇలాంటి క్లచ్ ఉన్న బైకులకు సరిపోతుందనే గుర్తు, ఉన్నదే కొనండి.

బండిని కాసేపు నడిపి వేడి మీదే దించాలి. స్ప్లెండరుకు మార్చినప్పుడు పట్టేది సుమారు 900 మిల్లీలీటర్లు. కొలిచే పుల్లను తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బండి డబుల్ స్టాండు మీద నిటారుగా ఉండాలి.

దించిన ఆయిల్‌ను మురికి కాలువలో పారబోయకండి, ముందు దాన్ని చదవండి. తెల్ల ప్లాస్టిక్ టబ్బులోకి దించి ఎండలో పెట్టి చూస్తాను నేను. పాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి ఆయిల్లో తిప్పి తీస్తే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుంటుంది. అది మామూలు అరుగుదలే. గోటికి గుచ్చుకునే ఇనుప ముక్క వస్తే గేరు పన్ను విరిగి ఉండవచ్చు, బండి నడపడం ఆపాలి. అయస్కాంతానికి అంటకుండా ఎండలో బంగారు రజనులా మెరిసేది ఇత్తడి, కంచు బుష్షులది. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. లోలెవల్ వంతెన మీద వాగు పారుతుండగా దాటించిన బండ్లలో ఇలా అవుతుంది. అప్పుడు ఆయిల్ ఒకసారి మార్చి, కొద్ది దూరం నడిపి, మళ్లీ మార్చాలి.

రెండు స్ట్రోకుల బండ్ల సంగతి వేరు. 1985 నుంచి 1996 వరకు వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100లో గేరుబాక్సు ఆయిల్ విడిగా ఉంటుంది, పెట్రోలుతో కాలే ఆయిల్ విడిగా ఉంటుంది. గేరు ఆయిల్ కారకుండానే తగ్గిపోతూ, తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) పక్క సీలు పోయి ఇంజను ఆ ఆయిల్‌ను పీల్చుకుంటోంది. అదీ గేర్ల తప్పు కాదు. పాత ఇనుప ఇంజను బుల్లెట్‌లో ఇంజను, క్లచ్ పెట్టె, గేరుబాక్సు మూడింటికీ మూడు చోట్ల ఆయిల్ చూడాలి. మైసూరులో తయారైన యెజ్డీలోనైతే కిక్కు కొట్టేదీ గేరు మార్చేదీ ఒకే లీవరు. దాన్ని మొదటిసారి నడిపేవాడి అవస్థ చూడడం సరదాగా ఉంటుంది.

అప్పటికీ తగ్గకపోతే

ఇప్పుడు లోపలికి వెళ్లవచ్చు. అందులోనూ రెండు మెట్లున్నాయి. కుడి పక్క కవరు ఒక్కటి విప్పితే క్లచ్ పలకలు, గేరును ప్రతి మెట్టులో నిలిపే నక్షత్రం లాంటి ముక్క, దాన్ని నొక్కే రోలరు, స్ప్రింగు అందుతాయి. ఈ స్ప్రింగు విరిగితే గేర్లు తమకు తాము న్యూట్రల్‌కు జారతాయి, అచ్చం గేరుబాక్సు పోయినట్లే. దీనికి ఇంజను దించక్కర్లేదు. కవరు ఎలాగూ విప్పారు కాబట్టి ఆయిల్ జాలిని, తిరిగే ఫిల్టరును కిరోసిన్‌తో కడిగించండి. పాత 100 సీసీ బండ్లలో కాగితం ఫిల్టరు ఉండదు, చెత్తంతా అక్కడే చేరుతుంది. కొత్త క్లచ్ పలకలు వేస్తే ఆయిల్లో నానబెట్టాకే బిగించాలి, స్ప్రింగులూ కొత్తవే వేయాలి. పలకలు కూర్చునే గిన్నె గాళ్లలో గోటికి తగిలే నొక్కులు పడి ఉంటే కొత్త పలకలు కూడా అక్కడ ఇరుక్కుంటాయి.

రెండో మెట్టు ఇంజను దించి రెండు భాగాలు చేయడం. బరువు లాగుతున్నప్పుడు ఎప్పుడూ అదే గేరు ఎగిరిపోతుంటే, ఆయిల్లో ఇనుప ముక్కలు వస్తుంటే, లేదా బయటి షాఫ్టు ఊగుతుంటే తప్ప దీనికి ఒప్పుకోకండి. గేర్లు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి పక్కన పొడుచుకొచ్చిన పట్లు ఉంటాయి. వాటి అంచులు గుండ్రంగా అరిగితే బరువు పడగానే జారిపోతాయి. ఎదురుగా కలిసే గేరునూ, వాటిని జరిపే ఫోర్కునూ కలిపి చూసి మార్చాలి. ఒక్క గేరే మార్చి మూస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే పని.

ఈ పని ఇంట్లో చేయమని చెప్పను. మంచి మెకానిక్ దగ్గరే చేయించండి, కానీ దగ్గర కూర్చోండి. షాఫ్టు మీద వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో విప్పుతుండగా ఫోనులో ఫొటోలు తీయండి. పాత ముక్కలన్నీ ఇంటికి తెచ్చుకుంటానని ముందే చెప్పండి. ఎలాగూ తెరిచారు కాబట్టి బేరింగులు, సీళ్లు, కిక్కు స్ప్రింగు అప్పుడే మార్పించండి. వాటి ధరకన్నా మళ్లీ తెరిచే కూలి ఎక్కువ.

కొత్త చైను సెట్టు వేసినవాళ్లు 200 కిలోమీటర్లు తిరిగాక బిగువు ఒకసారి మళ్లీ చూడాలి. కొత్తది మొదట్లో కాస్త సర్దుకుంటుంది. ఆ రోజే ముందు స్ప్రాకెట్ కవరు తీసి ఆ రెండు చిన్న బోల్టులకు పానా ఆనించి చూడండి.